రెండో ముడి

అదిగో అమ్మా, పొగగొట్టాలు, అంది కూతురు, చుక్కాని మీంచి ఎడమ చెయ్యి తియ్యకుండా గడ్డంతోనే చూపిస్తూ. ఆమె తలెత్తి చూసింది. నిజమే, రేవు పక్కన కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, ఒకటి పొడుగు ఒకటి పొట్టి, అలిగి ఎడమొహం పెడమొహంగా నిలబడ్డ మొగుడూ పెళ్ళాల్లా, ఎండ వాలుతున్న ఆకాశంలో సన్నగా గీసినట్టున్నాయి. ఇన్ని వారాలుగా పొద్దున లేస్తూనే ఆమె కళ్ళు వెతికింది వాటినే. తీరం వెంట కిందికి వెళ్ళినంతకాలం ఎప్పుడు వెనక్కి తిరుగుతామా అని, ఆఖరి లైట్‌హౌస్ చూసి తిరుగుముఖం పట్టాక ఎప్పుడు ఇల్లు చేరతామా అని, కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది. తీరా ఇప్పుడవి కనపడ్డాయి. ఇంకొంచెం దూరంగా ఉండకూడదూ? ఈ ఇంజను ఇంకొంచెం మెల్లగా కొట్టుకోకూడదూ? తెరచాప దించి చుట్టేసి ఉంది, దాన్ని లాగడానికి పిల్లకి రెండో చెయ్యి లేదు, లేదు అనకూడదు, పాడు నోరు, ఉంది, మెడకు వేలాడదీసిన గుడ్డలో తెల్లటి కట్టుతో ముద్దగా ఉంది, బొటనవేలూ పక్క రెండు వేళ్ళూ బద్దకేసి బిగించి ఉన్నాయి, ఉన్నాయి గానీ మళ్ళీ వంగుతాయో లేదో కట్టు విప్పితే తప్ప తెలీదు అంది దారిలో చిన్న రేవు ఆసుపత్రి నర్సు, మొహం చూడకుండా. జెట్టీ మీద టగ్గు కెప్టెన్ ఉంటాడు. వయర్లెస్‌లో తనే చెప్పాడు, నువ్వు రా, నేనే వచ్చి చూస్తాను అని. పెద్ద పెద్ద ఓడలకు తాళ్ళు తగిలించి రేవులోకి లాక్కొచ్చే ఆ టగ్గు మీద వచ్చే నెల పిల్ల పనిలో చేరాలి. పొద్దస్తమానం తాళ్ళతోనే పని. రెండు చేతుల పని.

ఒళ్ళో చేతిసంచి ఉంది. సంచిలో, దువ్వెనకీ మాత్రల డబ్బాకీ మధ్య, జానెడు తాడు ముక్క ఉంది, రెండు కొసలూ కత్తితో కోసినవి, నడుమ ముడి. చెయ్యి తనంతట తనే లోపలికి వెళ్ళి ఆ ముడిని పట్టుకుంటుంది, గోటితో కెలుకుతుంది, ఉప్పునీళ్ళకి తడిసి ఎండకి ఎండి రాయైపోయింది అది, ఒక్క పోగైనా కదలదు. ఎంత గట్టి ముడి. ఎవరు నేర్పారమ్మా నీకు ఇంత గట్టిగా వెయ్యడం? అని తనని తనే అడుగుతుంది. ఎవరేమిటి, ఇన్నేళ్ళు పనిచేసిన లాండ్రీ నేర్పింది. హోటళ్ళ దుప్పట్లు, దిండు గలీబులు, ఆసుపత్రి తెరలు, ఆవిరికి ఎదుటి మనిషి కనపడని గది, దుప్పటి నాలుగు మూలలూ ఎత్తి ఎదురెదురువి కలిపి ఒక ముడి, దాని మీద మోకాలేసి అదిమి రెండో ముడి. సూపర్‌వైజరమ్మ మూటల మధ్య తిరుగుతూ కాలితో తన్ని చూసేది. రెండో ముడి పడితేనే మూట, లేకపోతే నడిరోడ్డు మీద పరుచుకునే పక్క, అనేది, అందరూ ఫక్కున నవ్వేవాళ్ళు. ఆమె కట్టిన మూట ఒక్కటీ ఏనాడూ విడిపోలేదు. అవతల హోటల్లో వాళ్ళు కత్తెర పెట్టి విప్పుకుంటున్నారని వ్యాను డ్రైవరు చెబితే సిగ్గుపడలేదు సరికదా, పొంగిపోయింది, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు చచ్చిపోతోంది, పొంగిపోయింది. ఇంట్లోనూ అదే. పంచదార సంచికి రెండో ముడి, చెత్త సంచికి రెండో ముడి, బస్సు నడిపే భర్త మధ్యాహ్నం తినే డబ్బా చుట్టిన గుడ్డకి రెండో ముడి. నీ ముడి విప్పేసరికి నా డ్యూటీ మళ్ళీ మొదలవుతోందే, పళ్ళతో లాగి లాగి ఇదుగో ఈ పన్ను కదిలింది చూడు, అని ఆయన నోరు తెరిచి చూపించేవాడు. పిల్ల స్కూలు బూట్లు. గుమ్మంలో వంగి లేసు పువ్వులా కట్టి, పువ్వు మీద మళ్ళీ ముడి, లేసు ఊడి మెట్ల మీద తొక్కుకుంటే? తల పగిలితే? ఎవరూ చూడకపోతే? సాయంత్రం పిల్ల ఆ ముడి విప్పలేక మడమతో మడమ తొక్కి బూటు పీకేసేది, ఏడాది తిరక్కుండానే వెనక భాగం చితికి బూటు కాస్తా చెప్పయ్యేది. ఎన్ని జతలు పోయాయో అలా. అప్పుడైనా అర్థం కావద్దూ మనిషికి.

రావలసింది అసలు ఆమె కాదు. పిల్ల ఆ పాత పడవని కొని, సెలవు దొరికినప్పుడల్లా గీకి, రంగేసి, అతుకులేసి, టగ్గు మీద చేరితే ఇక ఇంత పొడుగు సెలవు దొరకదు, ఒక్కసారి తీరమంతా చివరిదాకా చూసొస్తానంది. తోడొస్తానన్న స్నేహితురాలు కడుపుతో ఉందని తేలి ఆగిపోయింది. ఫర్వాలేదు, ఒక్కదాన్నే పోతానంది పిల్ల. ఒక్కదానివే ఎలా పోతావు, నిద్రలో పడిపోతే చూసేదెవరు, జ్వరమొస్తే మాత్ర ఇచ్చేదెవరు, నేనొస్తాను. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. భర్త పగలబడి నవ్వాడు. బకెట్టు నిండా నీళ్ళుంటే పక్కకి తప్పుకుని నడిచే మనిషివి, నువ్వు సముద్రం మీదికా? నువ్వు దానికి తోడా, అది నీకు తోడా? పిల్ల మాత్రం నవ్వలేదు, మొహం ఇంత చేసుకుని, నిజంగా వస్తావా అమ్మా, అంది. ఆ మొహం గుర్తొస్తే చాలు. అంత సంబరం దేనికో ఆమెకి అప్పుడు తెలియలేదు, తెలుసుకునే తీరికా లేదు, మందులు సర్దడంలో, టార్చిలైట్లు రెండు సర్దడంలో, వాటికి బ్యాటరీలు సర్దడంలో మునిగిపోయింది. పడవ ఎక్కాకా అంతే. ఒక పొద్దున పడవ పక్కనే డాల్ఫిన్లు, నల్లగా నిగనిగలాడుతూ ఎగిరెగిరి మునుగుతున్నాయి, అమ్మా రా రా అని పిల్ల గంతులేస్తుంటే ఈమె దాని చొక్కా వెనక గుప్పిట్లో పట్టుకుని నిలబడింది, వంగకు, వంగకు. ఏం చూసిందంటే చొక్కా చూసింది. ఎర్రటి కొండ అంచు, దాని కింద తెల్లటి ఇసుక, మనిషన్నవాడు లేడు, ఈదుకుంటూ వెళ్ళొస్తానంటే వద్దంది. ఆఖరి లైట్‌హౌస్ దగ్గర పిల్ల చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది, చూశావా, వచ్చేశాం, అంది చివరికి, వచ్చేశాం సరే, మబ్బు పడుతున్నట్టుంది, పోదామా, అంది ఈమె. మబ్బు లేదు. ఆ రోజు మబ్బు లేదని ఆమెకి ఇప్పుడు ఖాయంగా తెలుసు. ఇంత పొడుగు సముద్రం మీద ఇన్ని రోజులు తిరిగి ఆమె చూసిందల్లా రాని మబ్బుల్ని, జారని కాళ్ళని, ఊడని తాళ్ళని.

తాళ్ళని. పడవ అంచున ఇనుప కొక్కెం ఉంది, ఆబోతు కొమ్ముల్లా అటొకటి ఇటొకటి, తెరచాపని బిగించే తాడు వచ్చి దానికే చుట్టుకోవాలి. మొదటి రోజే కూర్చోబెట్టి నేర్పింది పిల్ల, ఇలా ఒక చుట్టు, ఇలా ఎనిమిది అంకెలా అడ్డంగా, చివర ఒక్క మెలిక, అంతే, ముడి అస్సలు వెయ్యకూడదు. వెయ్యకపోతే ఊడిపోదూ? ఊడాలమ్మా, మనం ఊడమంటే ఊడాలి, గాలి తిరిగినప్పుడు ఒక్క లాగుకి వచ్చెయ్యాలి, లేకపోతే పడవ పక్కకి పడిపోతుంది. సరే అంది. డాక్టరు చెప్పే మాటకి తలూపినట్టు ఊపింది, ఇంటికెళ్ళాక మన పద్ధతి మనకుంటుంది కదా అన్నట్టు. ఆఖరి లైట్‌హౌస్ నుంచి తిరిగొస్తుండగా ఒక మధ్యాహ్నం పిల్ల టీ పెడతానని కిందికి దిగింది. గాలి బాగా ఉంది, చాప కడుపు నిండినట్టు ఉబ్బి ఉంది, కొక్కెం దగ్గర తాడు కొస టపటపా కొట్టుకుంటోంది, ఒక్క మెలిక, ఒకే ఒక్క మెలిక, అది జారితే చాప ఎగిరిపోతుంది, చాప ఎగిరిపోతే పిల్ల పట్టుకోవడానికి పరిగెడుతుంది, పరిగెడితే కాలు జారుతుంది, జారితే నీళ్ళు, నీళ్ళలో పిల్ల. వంగింది. ఒక ముడి వేసింది. మోకాలు ఆనించి రెండోది బిగించింది. అబ్బ, ఎంత నిశ్చింతగా అనిపించిందో. ఈ మొత్తం ప్రయాణంలో ఆమె వీపు వెనక్కి వాల్చి, కాళ్ళు చాపుకుని, నీళ్ళ మీద ఎండ తళతళలాడటం చూసింది అప్పుడే, ఆ కాసేపే.

తర్వాత గాలి తిరిగింది. చాప ఒక్కసారిగా అటునుంచి ఇటు విరుచుకుపడింది, పడవ ఒరిగింది, మాత్రల డబ్బా దొర్లుకుంటూ పోయింది, పిల్ల కిందినుంచి ఎగిరినట్టే వచ్చి తాడు అందుకుని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. అప్పుడు చూసింది. తల్లి వైపు కాదు, ముడి వైపు చూసింది, ఎరిగిన మనిషిని ఎదురుచూడని చోట చూసినట్టు. వేళ్ళు దూర్చి సడలించబోయింది, ఇంతలో గాలి మళ్ళీ విసిరింది, తాడు సడలి బిగిసింది, వేళ్ళు కొక్కేనికీ తాడుకీ మధ్య ఉండిపోయాయి. చప్పుడు పెద్దదేం కాదు. గిన్నె మీద మూత జారినంత. పిల్ల అరవలేదు, ఎడమ చేత్తో నడుముకున్న కత్తి లాగి తాడు కోసేసింది, చాప తెగిన గాలిపటంలా రెపరెపలాడింది, ఒరిగిన పడవ తనంతట తనే లేచి నిలబడింది, ఏమీ జరగనట్టు. టీ పొంగిపోయుంటుంది, వెళ్ళి చూడమ్మా, అంది పిల్ల, పెదాలు తెల్లగా ఉన్నాయి. ఆమె వెళ్ళి చూసింది. పొంగిపోయింది. ఆ టీ తుడుస్తూ కూర్చుంది, తుడిచిన చోటే తుడుస్తూ, పైన వయర్లెస్‌లో పిల్ల గొంతు వినపడుతోంది, కుడి చెయ్యి, అవును, నలిగింది, తాడు సరిగ్గా చూసుకోలేదు, తప్పు నాదే. నాదే. ఆ తర్వాత మందు వాసన వేసే ఆసుపత్రి గదిలోనూ, మళ్ళీ బయల్దేరాకా, ఇన్ని పూటలూ ఆ ముడి మాట పిల్ల ఎత్తలేదు. ఎత్తి తిడితే బాగుండు. నీ బుద్ధి ఇంతేనా అంటే బాగుండు. ఉప్పు అందుకో అన్నంత మామూలుగా మాట్లాడుతోంది, దాంతో ఊపిరాడటం లేదు.

పొగగొట్టాలు పెద్దవయ్యాయి. పొడుగు దాని మీద ఎర్ర పట్టీలు కనిపిస్తున్నాయి. ఆమె మనసులో మాటలు పేర్చుకుంటోంది, అయ్యా, నేను దీని తల్లిని, ముడి నేను వేశాను, ఇదుగో చూడండి, ఇది పడవ వాళ్ళు వేసే ముడి కాదు, లాండ్రీ ముడి, ఎవరు చూసినా చెప్పేస్తారు, పిల్ల తప్పు ఇసుమంతైనా లేదు. కాళ్ళు పట్టుకోవాలంటే పట్టుకుంటుంది. జెట్టీ మీద పదిమందీ చూస్తారు, చూడనీ.

"కెప్టెన్ గారితో నేను మాట్లాడతానే అమ్మలూ," అంది పైకే.

"ఏం మాట్లాడతావు?"

"ముడి నేను వేశానని. చూపిస్తాను కూడా. నా దగ్గరే ఉంది."

కూతురు తల తిప్పి సంచి వైపు చూసింది. "దాచావా?"

"పారెయ్యబుద్ధి కాలేదు."

కూతురు మళ్ళీ పొగగొట్టాల వైపు తిరిగింది. "వద్దమ్మా. ఏమీ చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు? నీది కాని తప్పు నెత్తిన వేసుకుని..."

"నాదే. కిందికి దిగేముందు తాడు ఒకసారి, పైకి రాగానే ఒకసారి చూడాలి. అది నా పని. నువ్వు వేశావని చెబితే ఆయనకేం అర్థమవుతుందో తెలుసా? నా పడవ మీద, నా వెనక ఏం జరుగుతోందో నాకే తెలీదని. చెయ్యి బాగవుతుందేమో. ఆ పేరు బాగవదు."

తను చెబితే పిల్ల బతుకు నిలబడుతుందనుకుంది, చెబితేనే కూలుతుందట. ఊడకుండా ఉండాలని ఇంకొకటి, ఇంకొకటి, బిగించబోతోంది ఇక్కడ కూడా, మోకాలు ఆనించి మరీ. పుట్టిన దగ్గర్నించి ఈ పిల్లకి తను ఏం చేసిందో మొదటిసారి వరసగా కళ్ళముందు కట్టింది, ఈత క్లాసు మానిపించింది, సైకిలు వెనక పరిగెత్తి పరిగెత్తి సైకిలే అమ్మించింది, ఎత్తు బెంచీ మీంచి దించింది, అయినా ఇది సముద్రం మీదికే వచ్చింది, తనని కూడా రానిచ్చింది. నిజంగా వస్తావా అమ్మా. సంబరం ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. అమ్మ ఒక్కసారైనా చూస్తుందనుకుంది, తను ఏం చెయ్యగలదో.

"జెట్టీ తాడు మాత్రం నువ్వే కట్టాలి," అంది కూతురు. "నాకు కుదరదు. నేను చుక్కాని వదల్లేను."

"నేనా?"

"నువ్వే. నేర్పాను కదా."

రేవు గోడ దాటగానే నీళ్ళు నూనెలా నున్నగా అయ్యాయి. డీజిలు వాసన, తుప్పు వాసన, ఎక్కడో రేడియో, ఎవరో ఎవర్నో కేకేసి తిడుతున్నారు ప్రేమగా. జెట్టీ మీద ఖాకీ చొక్కా, తెల్ల గడ్డం, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ మనిషి, ఆయనే. సాయం చెయ్యడానికి ఒక్క అడుగు వెయ్యడు, చూస్తానన్నాడుగా, చూస్తున్నాడు. పడవకీ జెట్టీకీ మధ్య నీళ్ళు నల్లగా, బారెడు వెడల్పున, జానెడున్నర, జానెడు. ఇప్పుడు పడితే రెండింటి మధ్యా నలిగిపోతుంది, తల ముందు తగులుతుంది, పిల్ల ఒంటిచేత్తో దూకుతుంది, ఇద్దరూ. దిగు, అంది కూతురు మామూలు గొంతుతో. దిగింది. కాళ్ళ కింద సిమెంటు. చేతిలో తాడు. ఎదురుగా గట్టు మీద అదే కొమ్ముల కొక్కెం, దాని అన్నగారిలా ఇంకా పెద్దది. ఒక చుట్టు. ఎనిమిది అంకెలా అడ్డంగా. ఇంకొకటి. చివర మెలిక. మిగిలిన కొస చేతిలో ఉండిపోయింది, మూరెడు, ఊరికే, ఏ పనీ లేకుండా. సాయంత్రం గాలి లేస్తోంది, అటు పెద్ద పడవ ఏదో వెళ్ళి అల రానే వస్తోంది, పడవ లాగింది, తాడు కిర్రుమంది, ఒక్క మెలిక, ఒకే ఒక్క మెలిక. వేళ్ళు ముందుకి వెళ్ళాయి. మోకాలు వంగింది కూడా. ఆమె తాడు కొసని, నిద్రపోయే పసిబిడ్డ చేతిని దించినట్టు, నేల మీద పెట్టి నిలబడింది.

కెప్టెన్ పిల్ల చేతి వైపే చూస్తున్నాడు. "వేళ్ళు కదులుతున్నాయా?"

"బద్ద కట్టారు సార్. తెలీదు."

"ఎలా అయింది?"

"తాడు చూసుకోలేదు సార్. విడిపించబోతే పడ్డాయి."

"విడిపించాల్సి వచ్చేలా ఎవరు కట్టారు?"

ఆమె చెయ్యి సంచిలో ఉంది. ముడి అరచేతిలో ఉంది, గుచ్చుకుంటోంది. గొంతు దాకా వచ్చేసింది, అయ్యా, నేను దీని తల్లిని.

"పడవ నాది సార్," అంది కూతురు.

ఆయన తల్లి వైపు ఒకసారి చూశాడు, ఆ సంచి వైపు, దానిలో దూరిన చెయ్యి వైపు. అంతా తెలుసేమో. తెలియకపోనూవచ్చు. "ఒకటో తారీఖుకి నాకు మనిషి కావాలి," అన్నాడు. "నీ కోసం ఖాళీ ఉంచలేను. ఇంకొకర్ని ఎక్కించుకుంటాను."

"సరే సార్."

"కట్టు విప్పాక రా. తాడు చేతికిస్తాను. పట్టుకోవడం చూసి అప్పుడు చెబుతాను. మాట మాత్రం ఇవ్వను."

"వస్తాను సార్."

వెళ్ళబోతూ ఆయన కొక్కెం దగ్గర ఆగాడు. వంగి తాడు కొస పట్టి లాగాడు, ఒక్కటే లాగు, మెలిక విడిపోయి చుట్లన్నీ జారిపోయాయి. ఆయన మళ్ళీ వాటిని అలాగే చుట్టి, అదే మెలిక వేశాడు. "ఇది ఎవరు కట్టారు?"

"మా అమ్మ," అంది కూతురు, వెంటనే.

"బాగా కట్టారమ్మా. లాగితే వచ్చేసింది," అని ఆయన చేతులు వెనక్కి కట్టుకుని టగ్గుల వైపు నడిచి వెళ్ళిపోయాడు. జన్మలో ఆమె చేతి కట్టుకి అలాంటి మెప్పు రాలేదు. లాండ్రీలో అయితే ఆ మాటకి మూట మొహాన విసిరేవాళ్ళు. ఇది నేర్చుకోవడం ఎంతసేపు, ఇంతేనా, ఇంత చిన్నదా. ఆ మధ్యాహ్నం టీ కాగేలోపు నేర్చుకుని ఉండవచ్చు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమే కదా. పిల్ల మొహం వైపు చూసే ధైర్యం లేక ఆమె టగ్గుల వైపు చూసింది, లావుగా, నల్లగా, చుట్టూ టైర్లు వేలాడేసుకుని, వాటిలో ఒకదాని మీద ఎవరో తాడు చుట్టలు చుడుతున్నారు, తొందరేం లేకుండా, రెండు చేతులా.

కూతురు పడవ అంచున కూర్చుని గుడ్డ బూట్లలో కాళ్ళు దూర్చింది. పడవ మీదున్నన్నాళ్ళూ ఉత్త కాళ్ళే. ఒంటిచేత్తో లేసు రెండు కొసలూ కలిపి చూసింది, జారిపోయాయి, మళ్ళీ చూసింది, తర్వాత ఏమీ అనకుండా కాలు ముందుకి చాపింది.

"కట్టమ్మా."

ఆమె సంచి పక్కన పెట్టి సిమెంటు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. లేసులు తడిసి ఉన్నాయి. ఒకటి మీద ఒకటి వేసింది, పువ్వులా కట్టింది, రెండు చెవులూ సమానంగా వచ్చేలా సర్దింది, చెయ్యి తీసేసింది.

పైనుంచి కూతురు గొంతు వినిపించింది. "ఇంకోటి కూడా వెయ్యి, ఫర్వాలేదు. ఇది నేలే కదా."

ఆమె తలెత్తలేదు. లేసు చెవులు రెండూ పట్టుకుని అలాగే ఉండిపోయింది, ఆ రెండోది ఎలా వెయ్యాలో చేతులకి గుర్తురానట్టు.